పదిహేడో నంబరు పరికరం

మా బావ ముక్తేశ్వరరావుగారు తన ఇంట్లో కదిలే ప్రతిదానికీ ఒక నంబరు వేశారు. పిండి రుబ్బే గ్రైండర్లు నాలుగూ ఒకటి నుంచి నాలుగు వరకు. గీజరు తొమ్మిది. వీధిగుమ్మం బల్బు పదకొండు. మా అక్క మాణిక్యాంబ పదిహేడు. నేను పద్దెనిమిది. గీజరు కన్నా వెనకబడిపోయానని నేను చిన్నబుచ్చుకున్నాను కానీ అక్క పట్టించుకోలేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో తన స్థానం ఇంచుమించు అక్కడే ఉందంది.

బావ సామర్లకోటలో ఒక ఫ్యాక్టరీలో మీటర్లు చూసే మెకానిక్కుగా పనిచేసి రెండేళ్ల కిందట రిటైరయ్యారు. ఆ ఈడు మగవాళ్లు సాధారణంగా షుగరు గురించీ రాజకీయాల గురించీ మాట్లాడుకుంటూ బతుకుతారు. మా బావ మాత్రం పాత ఇనుము కొట్ల చుట్టూ తిరిగి, ఫ్యాక్టరీలు పారేసిన కంట్రోలు పెట్టెలు ఏరుకొచ్చి మేడమీద గదిలో పెట్టుకున్నారు. ఫ్యాక్టరీలో పంపులూ మోటార్లూ ఒకే వైరు మీద వరసగా కూర్చుని, నంబరు పెట్టి పిలిస్తే పలుకుతాయట. "నాలుగూ, నీ వేడెంత?" అంటే నాలుగు మాత్రమే "అరవై" అంటుంది, మిగతావి నోరు మూసుకుంటాయి. మనుషుల కన్నా ఎంతో మర్యాద ఉన్నవని బావ అభిప్రాయం. అలాంటి బూడిదరంగు వైరొకటి మేడ మీద నుంచి దిగి గదిగదికీ పాకింది. పెరట్లోకి వచ్చిన ముక్క మీద అక్క లంగాలు ఆరేసుకునేది.

ఈ వైరు ఒక ఎత్తు, దాని చివర కంప్యూటర్లో ఉన్నది ఒక ఎత్తు. అందులో బావ మా ఇల్లంతా మళ్లీ కట్టారు. గోడలకి ఎండ తగిలితే ఎంత వేడెక్కుతాయి, ట్యాంకులో నీళ్లు ఎంతసేపట్లో దిగుతాయి, గ్రైండరు తిరిగితే అలమర ఎంత అదురుతుంది, అన్నీ భౌతికశాస్త్రం సూత్రాల ప్రకారం దానంతట అదే లెక్క వేసుకుంటుంది. దాన్ని ఆయన కవల అనేవారు. ఆ కవల ఇల్లు మా ఇంటి కన్నా ఇరవై నిమిషాలు ముందు నడుస్తుంది.

నేను నమ్మలేదు. ఆ ఇంట్లోనే ఉంటూ, వీధివైపు గదిలో మా అక్క నడిపే ఇడ్లీపిండి దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాణ్ని నేను. ఒకరోజు పొద్దున్నే బావ నన్ను మేడమీదికి లాక్కెళ్లారు. తెర మీద మా వంటిల్లు గీతలతో కనిపిస్తోంది. రెండో గ్రైండరు అదురుకి అలమర మీద ఉన్న స్టీలు గ్లాసు అంగుళం అంగుళం జరిగి, అంచు దాటి, కింద పడింది.

"ఇది ఇంకా జరగలేదోయ్ పేర్రాజూ" అన్నారు బావ.

ఇద్దరం కిందికి దిగి వంటింటి గుమ్మంలో నిలబడ్డాం. వంటింట్లోకి ఆయన రారు, గుమ్మం వరకే. అక్క గ్రైండరు వేసింది. కాసేపటికి అలమర మీద గ్లాసు నిజంగానే జరగడం మొదలుపెట్టింది. గ్లాసు అంచు దాకా వచ్చింది, ఒరిగింది, జారింది. అక్క అటు చూడనైనా చూడకుండా చెయ్యి చాపి పట్టుకుని, మళ్లీ అలమర మీద పెట్టేసింది.

నేను చప్పట్లు కొట్టబోయాను. బావ మొహం చూసి ఆగిపోయాను.

"ఎందుకు పట్టుకున్నావ్ మాణిక్యం?"

"పడిపోతందండీ."

"పడాలి! లెక్కలో పడిపోయింది కదా!"

"పడితే సొట్ట పడిపోద్ది. మీ లెక్కలో గ్లాసుకి సొట్టపడితే మీరే బాగుచేసుకోండి, నాకు పనుంది" అంది అక్క.

కవల చెప్పినదానికీ ఇంట్లో జరిగినదానికీ మధ్య ఎంత తప్పుందో తెర పైన ఒక అంకె చూపిస్తుంది. దాని పేరు తేడా. ఆ రోజు తేడా ఒక్కసారిగా ఎగిరింది. బావకి భోజనం సహించలేదు. వస్తువులన్నీ చెప్పినట్టు వింటున్నాయి, మనుషులే పాడుచేస్తున్నారు అని తేల్చుకుని, మనుషుల్ని కూడా లెక్కలోకి ఎక్కించారు. పాత కాటా యంత్రాల్లోని తూకం పలకలు తెచ్చి ఇంట్లో గచ్చు పలకల కింద మేస్త్రీ చేత వేయించారు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎటు నడిచారో బరువుని బట్టి దానికి తెలిసిపోతుంది. అలా అక్క పదిహేడో నంబరు పరికరం అయింది. తెర మీద ఆవిడ ఒక పొట్టి స్తంభం, దానికి రెండు పుల్లలు.

"నేనిలా ఉన్నానా?" అంది అక్క.

"లెక్కకి నీ బరువు చాలు మాణిక్యం. ముక్కూ మొహం ఎందుకు?"

దుకాణంలోకి కూడా ఒక చిన్న తెర పెట్టారు. దాని మీద 'పదిహేడు – అరవై ఎనిమిది కిలోలు' అని ఎర్రక్షరాలతో రోజంతా వెలుగుతూ ఉండేది. పిండికి వచ్చిన వాళ్లంతా అది చదివేవాళ్లు. మూడోరోజుకి అక్క దాని మీద తువ్వాలు కప్పేసింది.

అక్క పిండి గురించి చెప్పాలి. రుబ్బడం గ్రైండర్లే రుబ్బుతాయి కానీ, ఆఖర్న ఉప్పు వేసి మోచేతి దాకా చెయ్యి పెట్టి కలపడం మాత్రం అక్కదే. ఆ చెయ్యి పడితేనే పిండి పులుస్తుందని మా పేటలో అందరూ అంటారు. అందులో నిజం ఎంతో నాకు తెలియదు. బావ మాత్రం ఆ చేతిని లెక్కలో ఇరికించలేక చాలా అవస్థపడి, చివరికి హాలు పక్కన పిండి పులవబెట్టే చిన్న గదిలో టబ్బులకి మోటారు కవ్వాలు బిగించారు. వేడి బయటికి పోకుండా ఆ గది తలుపుకి అయస్కాంతం తాళం పెట్టారు. అక్క కవ్వాల వంక ఒకసారి చూసి, చేత్తోనే కలుపుకుంది.

అలా ఉండగా కేటరింగు అబ్బులు వచ్చాడు. పెద్దాపురం రోడ్డులో కల్యాణమండపంలో రిసెప్షను, సాయంత్రం టిఫిను, వెయ్యిమంది.

"ఇడ్లీ మెత్తగుండాలక్కగోరూ. పెళ్లికొడుకు తాలూకోళ్లు రాజమండ్రోళ్లు. ఇడ్లీ కాడే పేచీ పెడతారు. ఇది నిలబెట్టేరనుకోండి, ఇంక నా పెళ్లిళ్లన్నింటికీ మీ పిండే. చెడ్డదనుకోండి..." అని ఆపేశాడు. మిగతాది చెప్పక్కర్లేదు. అబ్బులు నోట్లో పడిన పేరు కాకినాడ దాకా వెళ్తుంది.

అక్క ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదని మర్నాడు కళ్లు చూస్తే తెలిసింది. పదేళ్లుగా పావుకిలో పొట్లాలు అమ్ముకుంటున్న మనిషికి ఇలాంటిది ఇదే మొదలు.

"నేను సాయం చేస్తాను" అన్నారు బావ.

"మీరు సాయం చెయ్యకండి. అదే పెద్ద సాయం" అంది అక్క.

బావ నొచ్చుకున్నారు. తేడా అప్పటికి నాలుగు దగ్గర ఆగిపోయింది, ఎంత తిప్పలుపడ్డా దిగడం లేదు. ఆ నాలుగూ పదిహేడో నంబరు వల్లే. పిండి కలుపుతూ కలుపుతూ పక్కింటి వాళ్లు పిలిస్తే గోడ దగ్గరికి వెళ్లిపోతుంది. కోపం వస్తే పెరట్లోకి వెళ్తుంది, సంతోషం వచ్చినా పెరట్లోకే వెళ్తుంది. ఏ సూత్రానికీ లొంగడం లేదు. అప్పుడు బావ రెండు రోజులు గది తలుపేసుకుని, వైరు మీద మాట ఒకవైపే కాకుండా రెండువైపులా నడిచేటట్టు చేశారు. ఇంటి నుంచి వచ్చే అంకెలు చూసి కవల తన్ను తాను దిద్దుకుంటూ ఉంటుందని నాకు చెప్పారు.

మూడోనాటికి తేడా సున్నా అయింది. బావ కాజాలు కొనుక్కొచ్చి వీధివీధంతా పంచారు.

ఆ మర్నాడు నేను స్నానం చేస్తున్నాను. ఒళ్లంతా సబ్బు రాసుకునేసరికి గీజరు ఆగిపోయి, చన్నీళ్లు వచ్చాయి, తర్వాత అవీ ఆగిపోయాయి. నేను అరిస్తే బావ మేడ మీద నుంచే సమాధానం చెప్పారు.

"లెక్క ప్రకారం నీ స్నానం అయిపోయిందోయ్!"

తువ్వాలుతోనే సబ్బు తుడుచుకున్నాను. ఇదేదో చిన్న తప్పు, సరిదిద్దుకుంటారు అనుకున్నాను. రాత్రి తొమ్మిదయ్యేసరికి హాల్లో దీపం ఆరిపోయేది, అక్క బియ్యం ఏరుతున్నా సరే. గోడ దగ్గర నిలబడి పక్కింటావిడతో రెండు మాటలాడితే గ్రైండరు ఆగిపోయేది. అక్క పరుగెత్తుకుంటూ లోపలికి రాగానే మళ్లీ తిరిగేది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

నాలుగైదు రోజులకి నాకు ఇంట్లో ఏదో వెలితిగా అనిపించింది. మాటలు లేవు. అక్క అటూ ఇటూ కొలిచినట్టు నడుస్తోంది. గ్రైండరు దగ్గర నుంచి కుళాయి దగ్గరికి, కుళాయి దగ్గర నుంచి గుమ్మంలోకి. గుమ్మంలో పని లేకపోయినా కాసేపు నిలబడుతోంది.

"ఏంటక్కా, ఒంట్లో బాలేదా?" అన్నాను.

"బానే ఉందిరా. ఇటు నిలబడ్డాననుకో, వంటింట్లో ఆ పొగలాగే గాలిపంకా గీ అని చెవులు చిల్లులు పడేలా అరుత్తాది. అటు నిలబడ్డానా, ఊరుకుంటాది. అందుకే అటే నిలబడుతున్నాను. ఎవరు పడతారురా దాంతో గోల?"

మామూలుగానే చెప్పింది. చిన్నప్పుడు మా నాన్న బెత్తం పట్టుకుని నిలబడ్డా కూర్చోమన్న చోట కూర్చోని మనిషి మా అక్క. ఆవిణ్ని ఒక గాలిపంకా నిలబెట్టింది. బావకి చెబితే, "చూశావా, పదిహేడు ఎంత నిలకడగా ఉంటోందో! నీకు అనుమానమేగానీ" అన్నారు.

రిసెప్షను రోజు వచ్చింది. ముందురోజు సాయంత్రమే పిండంతా రుబ్బి టబ్బుల్లో నింపేశారు. కలుపుదామని అక్క చెయ్యి పెట్టబోతే గాలిపంకా గోల పెట్టి, కవ్వాలు వాటంతట అవే తిరిగాయట. అలిసిపోయి ఆవిడ ఇవతలికి వచ్చేసింది. పొద్దున్నే బావ పిండిగది తలుపు అద్దంలోంచి చూసి ఎగిరి గంతేశారు. టబ్బులన్నింట్లో పిండి సరిగ్గా ఒకే ఎత్తుకి, అంచు దాకా పొంగి ఉంది. తేడా సున్నా.

ఎనిమిదింటికి ఆ తలుపు కాసేపు తెరుచుకుంటే గిన్నెలోకి తీసుకున్న పిండి నేను దుకాణంలో అమ్మడం మొదలుపెట్టాను. గంట తిరక్కుండా మా పేట స్కూలు టీచరమ్మ పొట్లం పట్టుకుని వెనక్కి వచ్చింది.

"ఏంటి పేర్రాజుగారూ ఇది? ఇక్కడ చూస్తే పొట్లం నిండా ఉంది, ఇంటికెళ్లేసరికి సగానికి దిగిపోయింది. గాలి అమ్ముతున్నారా?"

పొట్లం విప్పి వేలు పెట్టి నాలిక మీద వేసుకున్నాను. పులుపన్నది లేదు. అప్పుడే రుబ్బిన పిండి రుచి. నురగ మాత్రం ఉంది. అక్కని పిలిచాను. ఆవిడ రుచి చూసి, గది దగ్గరికి వెళ్లి తలుపు లాగింది. రాలేదు.

"తెరుచుకోదు మాణిక్యం" అన్నారు బావ వెనక నుంచి, చాలా శాంతంగా. "లెక్క ప్రకారం నువ్విప్పుడు గుమ్మంలో ఉండాలి. పదకొండింటికి తెరుచుకుంటుంది."

అక్క ఆయన వైపు తిరిగింది.

"నా పిండి దగ్గిరికి నేనెళ్లడానికి మీ పెట్టె పర్మిషనివ్వాలా? వారం రోజుల్నుంచి అది నిలబడమన్నచోట నిలబడుతున్నాను, అది దీపం ఆర్పేస్తే చీకట్లో కూర్చున్నాను. ఎందుకూ? మీరు ముచ్చటపడుతున్నారు కదా అని. సాయంత్రం వెయ్యిమంది ముందు నా పరువు పోద్దండీ. నన్ను మీ లెక్కకి సరిపెట్టాలనుకున్నారా?"

"అయ్యో, అది కాదు మాణిక్యం. లెక్కే నీకు సరిపడాలి. అలాగే రాశాను..." అంటూ బావ మేడ ఎక్కారు. నేనూ వెనకే వెళ్లాను. ప్రోగ్రాము తెరిచి, కళ్లజోడు సర్దుకుని, ఒక వరస దగ్గర ఆగిపోయారు. ఇయర్‌ ఎండింగు లెక్క తేలని గుమాస్తాలా కూర్చున్నారు.

"తిరగేసి రాశానోయ్" అన్నారు చివరికి.

విషయం ఇది. ఫ్యాక్టరీలో ఇంజనీరు ఒక అంకె ఇస్తాడు. బాయిలరు నూటఎనభై ఉండాలంటే ఉండాలి. మెకానిక్కు పని యంత్రాన్ని ఆ అంకెకి తీసుకురావడం. కాగితం మీద ఉన్నది ఎప్పుడూ ఒప్పు, యంత్రం ఎప్పుడూ తప్పు. ముప్పై ఏళ్లు అదే చేసిన చెయ్యి, ఇక్కడా అలవాటుగా అదే రాసేసింది. ఇంటిని చూసి లెక్క మారాల్సింది పోయి, లెక్కని చూసి ఇల్లు మారింది. పిండి ఎత్తు ఇంత ఉండాలని లెక్క చెప్పింది, పిండి అంత పొంగలేదు, కాబట్టి కవ్వాలు రాత్రంతా తిరిగి గాలి కొట్టి ఆ ఎత్తుకి తెచ్చాయి. తేడా సున్నా. అక్క గుమ్మంలో ఉండాలని చెప్పింది, అక్క లేదు, గాలిపంకా అరిచి తీసుకొచ్చింది. తేడా సున్నా.

"నేను కాజాలు పంచానోయ్ పేర్రాజూ" అన్నారు. ఆయన మీద అప్పటిదాకా ఉన్న కోపం నాకు సగమైపోయింది.

"ముందు తలుపు తియ్యండి బావగారూ" అన్నాను.

ఆ వరసని తిప్పి రాశారు. కింద తాళం టక్కుమంది.

తర్వాత మా ఇంట్లో జరిగింది యుద్ధం. మంచి మే నెల ఎండ. దుకాణం ఫ్రిజ్‌లో ముందురోజుల పులిసిన పిండి కొంత మిగిలింది. అక్క దాన్ని తోడులా టబ్బులన్నింటికీ పంచింది. ఒక్కొక్క టబ్బూ కలిపి నేను మేడమీద ఎండలో పెట్టాలి. మొదటి టబ్బు మోసేసరికే నా నడుం పట్టేసింది. అక్క ఒక్కతే, టబ్బులు చూస్తే బోలెడు. సాయంత్రానికి పులుస్తుందో లేదో దేవుడికి తెలియాలి.

బావ మాత్రం తెర ముందు నిలబడి ఉన్నారు. తేడా ఇరవై అయింది, నలభై అయింది, డెబ్భై దాటింది.

"దానికి పదిహేడు ఎటెళ్తుందో తెలియట్లేదోయ్" అంటున్నారు, నేను టబ్బుతో ఆయన్ని దాటిన ప్రతిసారీ. తెర మీద స్తంభం ఒక్కచోట నిలబడలేక వంటింటి నిండా మసకమసకగా పరుచుకుపోయింది.

"ఏవండీ!" అని కింద నుంచి అక్క కేక. "చూసింది చాలుగానీ, చొక్కా విప్పి ఇటు రండి. ఇంకో రెండు చేతులు కావాలి నాకు."

బావ దిగివచ్చి గుమ్మంలో ఆగారు. అక్క తల ఎత్తకుండా, "లోపలికండీ" అంది. బావ కుడికాలు వంటింట్లో పెట్టారు.

ఇల్లంతా దద్దరిల్లేలా అలారం మోగింది. ఇంట్లో పంకాలన్నీ ఆగిపోయాయి. దుకాణంలో తెర మీద తువ్వాలు జారిపోయి ఉంది. ఎర్రక్షరాలు వెలుగుతున్నాయి: 'వంటింట్లో గుర్తు తెలియని బరువు. డెబ్భై నాలుగు కిలోలు.'

నేను దాన్ని గట్టిగా చదివి వినిపించాను.

"మీకు నంబరు లేదా?" అంది అక్క.

"నేను... చూసేవాణ్ని కదా మాణిక్యం. వంటింట్లో కొత్త బరువు పడితేనే మోగేటట్టు పెట్టాను. చూసేవాడికి నంబరెందుకని..."

అక్క నవ్వడం మొదలుపెట్టింది. పిండి చేతుల్తోనే పొట్ట పట్టుకుని, గోడకి ఆనుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "ముప్పై రెండేళ్లండీ! ముప్పై రెండేళ్లలో ఇటు అడుగెట్టలేదని నేనంటే ఒప్పుకోలేదు. మీ పెట్టే చెప్పేసింది!" ఆ నవ్వు విని నాకు ప్రాణం లేచొచ్చింది. అలారం మోగుతూనే ఉంది. ఆ మోతలోనే బావ బనీనుతో కూర్చుని మోచేతుల దాకా పిండిలో ముంచారు. ఎటు కలపాలో తెలియక అక్క చెయ్యి ఎటు తిరిగితే అటు తిప్పారు.

సాయంత్రానికి పిండి పులిసింది. అన్నీ కాదు, ఒక టబ్బు మొండికేసింది. అబ్బులు దాని వంక చూసి తల గోక్కుని, ఉల్లిపాయలు కోయించి పునుగులు వేయించేశాడు. రాజమండ్రి వాళ్లు ఇడ్లీ దగ్గర పేచీ పెట్టలేదు, పునుగులు చాల్లేదని పెట్టారు. వెళ్లేటప్పుడు అబ్బులు, "శ్రావణమాసం మూర్తాలన్నీ మీయే అక్కగోరూ. పునుగుల పిండి కూడా అలాగే చెయ్యండి" అన్నాడు. అది ఎలా చేశామో చెప్పే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

బావ ఆ రాత్రే తనకి పంతొమ్మిదో నంబరు వేసుకున్నారు. నంబరు వేసుకున్నంత మాత్రాన కవల నమ్మలేదు. అది ఇప్పుడు జరిగింది చూసి నేర్చుకునే కవల. పాత అంకెలన్నీ తిరగేసి పంతొమ్మిదో నంబరు వంటింట్లోకి రాదని తేల్చుకుంది. పిండి కలపడానికి బావ అడుగుపెట్టిన ప్రతి పొద్దున్నా అలారం మోగేది, పేటంతా నిద్రలేచేది. "ముక్తేశ్వరరావుగారు వంటింట్లోకెళ్లేరు, పాలు పొంగించండే" అని పక్కింటావిడ అనడం నేను విన్నాను. తేడా పన్నెండుకీ ముప్పైకీ మధ్య ఊగుతూనే ఉంది. అక్క కాసేపు గోడ దగ్గర, కాసేపు పెరట్లో. గ్రైండరు ఎవరి కోసమూ ఆగడం లేదు.

వినాయకచవితి వెళ్లాక ఒక పొద్దున్న నేను మేడమీద ఉన్నాను. తెర మీద కొత్త స్తంభం ఒకటి, పొడుగుది, మేడ దిగి, హాలు దాటి, ఆగకుండా వంటింట్లోకి వెళ్లి టబ్బు ముందు కూర్చుంది. అది నిజంగా జరగడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. బావ నోరు తెరుచుకుని దాన్ని చూస్తూ ఉండిపోయారు. ఆ తర్వాత లేచి, చొక్కా విప్పి మేకుకి తగిలించి, మెట్లు దిగారు. హాలు దాటారు. గుమ్మం దాటారు.

అలారం మోగలేదు.

నాకు సందేహం పట్టుకుంది. వంటింటి గుమ్మంలో నిలబడి అడిగాను.

"బావగారూ, మీరొస్తారని అది చెప్పిందా? అది చెప్పిందని మీరొచ్చేరా?"

బావ టబ్బులో పెట్టబోయిన చెయ్యి పైకి తీసి, వేళ్ల మీద లెక్క వేసుకోవడం మొదలుపెట్టారు.

"ఏదైతే నాకేంట్రా పేర్రాజూ" అంది అక్క. "ముందు ఆయన్ని చేతులు కడుక్కోమను."